కంఠమే ధనముగా: ఆగ్నెస్ మూర్‌హెడ్

రేడియో నాటకములో నటుని ముఖము కానరాదు. వేషము లేదు, రంగాలంకరణ లేదు. కంఠ మొక్కటే ఆధారము. ఇట్టి విద్య నేర్చినవారికి చలనచిత్రములలో అది అక్కరకు వచ్చునా యని మాలో మేము తర్కించుకొనుట కలదు. అమెరికా నటి ఆగ్నెస్ మూర్‌హెడ్ జీవితమే ఇందుకు సమాధానమని మేము తలంచుచున్నాము.

ఆమె 1900 డిసెంబరు 6వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమందలి క్లింటన్‌లో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించెను. 1923లో ఒహాయో రాష్ట్రమందలి మస్కింగమ్ కళాశాలలో పట్టభద్రురాలై, కొంతకాలము ఉపాధ్యాయినిగా పనిచేసి, పిమ్మట న్యూయార్కులో నాటకవిద్య నభ్యసించెను. ఆర్థికమాంద్యపు దినములలో ఆమెకు అన్నము పెట్టినది రేడియోయే. 1937లో 'ది షాడో' ధారావాహికలో ఆర్సన్ వెల్స్ సరసన నటించెను. ఆయన మెర్క్యురీ నాటక బృందములో చేరి, ఆ బృందముతోనే హాలీవుడ్ చేరెను.

1941 నాటి 'సిటిజెన్ కేన్' ఆమె తొలి చిత్రము. అందు కథానాయకుని తల్లిగా కనబడునది కొలది నిమిషములే. కన్నకొడుకును పరుల కప్పగించుచు, పొంగివచ్చు దుఃఖమును గొంతులోనే అదిమిపెట్టిన తీరు మైకు ముందు నేర్చినదే. మరుసటి యేట 'ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్'లో మేనత్త పాత్రకు న్యూయార్కు చిత్ర విమర్శకుల ఉత్తమనటి బహుమానము లభించెను.

అయినను ఆమె కీర్తికి శిఖరము రేడియోయే. 1943 మే 25వ తేదీన 'సారీ, రాంగ్ నంబర్' అను అరగంట నాటకము ప్రసారమయ్యెను. రచయిత్రి లూసిల్ ఫ్లెచర్. మంచము పట్టిన స్త్రీ యొకతె టెలిఫోను లైనులు కలిసిపోవుటచే ఒక హత్యకు జరుగు పన్నాగమును వినును. ఎవరికి చెప్పినను నమ్మరు. చంపబడనున్నది తానేయని తుదకు గ్రహించును. విసుగు, భయము, ఆక్రందన అన్నియు ఆ ఒక్క కంఠమే పలికించెను. శ్రోతలు కోరగా దానిని ఆమె పలుమారులు మరల అభినయించెను.

1948లో అది చలనచిత్రమైనప్పుడు ఆ పాత్ర బార్బరా స్టాన్‌విక్‌కు దక్కెను. ఆమెయు చక్కగా నటించెను. కాని ముఖము కనబడని నటనకు వెల తక్కువ కట్టుట మా బోటివారికి కష్టముగానే తోచును. మూర్‌హెడ్ నాలుగు పర్యాయములు ఆస్కారు బహుమానమునకు ప్రతిపాదింపబడియు ఒక్కమారైనను దానిని పొందలేదు.

టెలివిజను ఆమెకు మరియొక తలుపు తెరచెను. 1961లో 'ది ట్వైలైట్ జోన్'లోని ఒక కథలో ఒంటరిగా నివసించు పల్లెటూరి స్త్రీగా, ఒక్క మాటయైన పలుకక నటించెను. కంఠమునకు పేరొందిన నటికి ఇంతకన్న పరీక్ష లేదు. 1964 నుండి 1972 వరకు 'బివిచ్డ్'లో అల్లుని ముప్పుతిప్పలు పెట్టు మంత్రగత్తె అత్తగారై ఇంటింటికి పరిచితురాలయ్యెను. 'ది వైల్డ్ వైల్డ్ వెస్ట్'లోని పాత్రకు 1967లో ఎమ్మీ బహుమానము వచ్చెను.

1974 జనవరిలో సి.బి.యస్. సంస్థ రేడియో నాటకములను పునరుద్ధరింపగా, తొలి నాటకమున వినిపించినది ఆమె కంఠమే. ఆ యేడే ఏప్రిల్ 30వ తేదీన ఆమె మరణించెను.

ఆమె చిత్రమేదైన చూచునప్పుడు పాఠకులు ఒక్క నిమిషము కన్నులు మూసికొని వినవలెనని మా కోరిక.