ఒండ్రు ఊసు లేని సంరక్షణ: గోదావరి మడ అడవుల చరిత్రలో ఒక దిద్దుబాటు

గోదావరి మడ అడవుల గురించి మనం తరచూ చదివే కథ ఒక్కటే. పల్లెకారులు వంటచెరకు కోసం నరికేశారు, 1978లో కోరింగ అభయారణ్యం ఏర్పడి ఆ నరికివేత ఆగింది, 2011లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఈగ్రీ (తూర్పు గోదావరి నదీముఖ పర్యావరణ వ్యవస్థ) ప్రాజెక్టు వచ్చాక శాస్త్రవేత్తలూ అధికారులూ కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. ఈ కథ రెండు చోట్ల నిలవదు. అడవిని ఎవరు పాడుచేశారన్నది ఒకటి, శాస్త్రవేత్తలూ అధికారులూ నిజంగా ఎప్పుడు కలిశారన్నది రెండోది. సముద్రం కనబడని కోనసీమ నేత ఊరు బండారులంకలో ఉన్నవాళ్లకి కూడా ఇది పరాయి సంగతి కాదు. మన మగ్గాల కింది నేలా, కొబ్బరి తోటల నేలా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే. మడ అడవి నిలిచేదీ దానిమీదే.

తొలి ఘట్టాలు అందరూ ఎరిగినవే. 1789లోనూ 1839లోనూ కోరంగి రేవును తుపాను ఉప్పెనలు ముంచాయి. 1852 నాటికి గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో సర్కారు చేతికి అడవులపై పట్టు చిక్కింది. 1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ రాకతో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర పరిశోధన ఊపందుకుంది. 1978లో 235.70 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమయ్యాయి.

అసలు వివాదం 1990లది. అప్పటిదాకా అధికారుల దస్త్రాల్లో దోషి స్థానికుడే. కట్టెలకూ ఇంటి వాసాలకూ జనం మడను నరికిన మాట నిజం, గేదెలు లేత మొక్కల్ని మేసిన మాటా నిజం. కానీ అభయారణ్యానికి ముందు దశాబ్దాల తరబడి అడవిని కూపులుగా విడగొట్టి వంతులవారీగా నరికించింది అటవీ నిర్వహణే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాని ఫలితాన్ని నేలలోనే చూపించారు. చెట్లు పోయి ఎండకు తెరుచుకున్న నేల కుంగి పళ్లెంలా గుంటపడుతుంది. పోటుకు ఎక్కిన నీరు పాటుకు తిరిగి దిగదు. నిలిచిన నీరు ఎండలో ఇగిరి, ఉప్పు పేరుకుంటుంది. తెల్లమడ విత్తనం కొట్టుకొచ్చి పడినా అక్కడ వేరు పట్టదు. ఒకసారి ఆ స్థితికి వచ్చాక కాపలా ఎంత పెట్టినా అడవి తిరిగి రాదు.

1990ల చివర మొదలైన ఉమ్మడి మడ అడవుల నిర్వహణకు ఈ నిర్ధారణే పునాది. మట్లపాలెం వంటి ఊళ్లలో గ్రామ సంఘం, అటవీ సిబ్బంది, శాస్త్రవేత్తలు ఒకచోట కూర్చున్నారు. పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా చేపముల్లులా పిల్ల కాలువలు తవ్వారు. పోటు నీరు లోపలికి వచ్చి ఉప్పును కడిగి బయటికి తీసుకుపోయింది, గట్ల వెంట మొక్కలు నిలబడ్డాయి. శాస్త్రవేత్తలకూ అధికారులకూ నిజమైన కలయిక ఇదే అంటాను. శాస్త్రం అధికారి చేసే పనినే కాదు, అతను వేసే ప్రశ్ననూ మార్చింది. "ఎవరిని ఆపాలి" అనే ప్రశ్న పోయి "నీరు ఎక్కడ ఆగింది" అనేది వచ్చింది. రొయ్యల చెరువులు చేసిన నష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాటిపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇవ్వవలసి వచ్చింది. అంతకు నెల ముందే తుపాను కోనసీమను ఊడ్చేసింది, మడ విలువ జనానికి వాదనలతో పనిలేకుండా తెలిసింది.

అయితే ఆ ప్రశ్నను ఎగువకు తీసుకెళ్లినవారు తక్కువ. కె. నాగేశ్వరరావు, సహ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా సగటున 150.2 మిలియన్ టన్నులు. 2000-2006 మధ్య అది 57.2 మిలియన్ టన్నులకు పడిపోయింది. ఎగువ జలాశయాలే ప్రధాన కారణమని వారు తేల్చారు. 1965-2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల కోల్పోయింది. దీన్ని మడ అడవికి నేరుగా అన్వయించడంలో జాగ్రత్త అవసరం. హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె చాటున ఉన్న కాకినాడ అఖాతంలో బురద పేరుకుని కొత్త మడ మొలుస్తోంది. అందుకే రాష్ట్ర విస్తీర్ణపు లెక్క (2021 అటవీ నివేదికలో 405 చదరపు కిలోమీటర్లు) చూసి నిశ్చింతపడకూడదు. చాటున పెరిగిన అడవి, అలల ముఖాన కోసుకుపోయే ఒడ్డును ఆ ఒక్క అంకెలో కప్పేస్తుంది.

ఈగ్రీ చేసిన మేలు ఉంది. అడవి, చేపలవేట, రేవు, పర్యాటకం చూసేవాళ్లను ఒక బల్ల దగ్గరికి చేర్చాలని చూసింది. బావురుపిల్లి, నీటికుక్కల గణనకు బలమిచ్చింది. ఇదే కార్యక్రమంలో మహారాష్ట్ర సింధుదుర్గ్ తీరం కూడా చేరింది. అక్కడ పగడపు దిబ్బలను చూసేవారికీ ఇక్కడ మడను చూసేవారికీ ఉన్న చిక్కు ఒకటే: హద్దు గీసిన ప్రాంతాన్ని కాపాడగలరు, హద్దు బయటి నుంచి వచ్చే నీటిని శాసించలేరు. మన ప్రాధాన్యాల పట్టికలో జలాశయాల నిర్వహణకు నేటికీ తగిన చోటు లేదు. 2023లో కేంద్రం ప్రకటించిన మడ అడవుల పెంపకం పథకం మిష్టి కూడా మొక్కలు నాటడం చుట్టూనే తిరుగుతోంది. పోటు నీరు అందని చోట నాటిన మొక్క లెక్కల్లోనే బతుకుతుంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఈ నదీముఖం కాకినాడ, కోనసీమల మధ్య పడింది, ఒకే ప్రణాళిక మరింత అవసరమైంది.

గోదావరిపై కడుతున్న పోలవరం జలాశయం నిండితే ఎంత ఒండ్రు ఆగుతుంది, కిందికి ఎంత వదలాలి అన్నది ఇప్పుడే తేల్చాలి. ఆ నిర్ణయం జలవనరుల ఇంజినీరు, అటవీ అధికారి, తీర శాస్త్రవేత్త, పల్లెకారు సంఘం కలిసి తీసుకోవాలి. ఈ నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా దాన్ని ఉమ్మడి సంరక్షణ అనడానికి నేను ఒప్పుకోను.