ఊరిగాం బంగళాలు, పాత పియానో పెట్టె



బంగారు గనుల చరిత్ర అనగానే మనం లావెల్ దొరతో మొదలుపెడతాం. 1880లో వచ్చిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీని తలుచుకుంటాం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడటంతో ముగిస్తాం. దొరల బంగళాల్లోని సామాను సంగతి ఎవరూ చెప్పరు. అందులో ఒకటైన పియానో గురించి, ముఖ్యంగా దాని కొయ్యపెట్టె గురించి ఈ రోజు చెప్పుకుందాం.

1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే నేటి బంగారపేట నుంచి, మారికుప్పానికి రైలు పడింది. ఊరిగాం ఆ దారిలోని స్టేషనే. మద్రాసు రేవులో దిగిన బరువైన సామాను గనుల దాకా రావడం అప్పటినుంచి సులువైంది. మద్రాసులో 1842లోనే మొదలైన మిస్‌క్విత్ వారి వాద్యాల కొట్టు ఉండేది. నేటి మ్యూజీ మ్యూజికల్ అదే. ఎండదేశాలకు పంపే పియానోలకు ఇంగ్లీషు తయారీదారులు జిగురు ఒక్కదాన్నే నమ్మలేదు, అతుకులకు ఇత్తడి మరలు కూడా బిగించేవారు. మన ఎండ సంగతి వాళ్లకు తెలుసన్నమాట!

పియానో పెట్టెను బీరువాతో పోల్చకండి. లోపల సుమారు 230 ఉక్కుతీగలు ఉంటాయి. శ్రుతిలో ఉన్నప్పుడు వాటన్నిటి లాగుడు కలిపి పదిహేను, ఇరవై టన్నుల దాకా ఉంటుంది. గోడవారగా నిలబెట్టే పియానోలో ఆ బరువును ఇనుపచట్రం, వెనుకనున్న లావాటి నిలువు దిమ్మలు కలిసి మోస్తాయి. గనిలో కప్పు కూలకుండా దిమ్మలు నిలిపినట్టే అనుకోండి. ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు ఉబ్బి జిగురు విడిపోతుంది. శ్రుతిమేకులున్న పలక వెనుక దిమ్మల నుంచి ఊడి ముందుకు వంగుతుంది. పైమూత ఎత్తి చూస్తే ఆ సందు కంటికే కనిపిస్తుంది. ఇక చెదలు సరేసరి. లోతుగనుల్లో రాయి పగిలినప్పుడు పైన ఇళ్లే అదిరేవి, అతుకులు వదులైన కొయ్య గురించి వేరే చెప్పాలా?

ఇలాంటి వాయిద్యం ఏ చర్చిలోనో, బడి హాల్లోనో మీ కంటపడితే ఒక్కమాట గుర్తుంచుకోండి. తీగలు బిగువుగా ఉండగా లోపలి మరలు విప్పనివ్వకండి. పెట్టె చీలవచ్చు, మనిషికీ దెబ్బ తగలవచ్చు. తెలిసినవారు ముందుగా తీగలన్నిటినీ రెండు మూడు విడతలుగా, కొంచెం కొంచెంగా వదులు చేస్తారు. తర్వాత సందులోని పాత జిగురును గీకి, కొత్తది పట్టించి, క్లాంపులతో బిగించి, అవసరమైతే దిమ్మల గుండా బోల్టులు వేస్తారు.

బయటి పెట్టె అతుకులకు మాత్రం పాతకాలపు వడ్రంగుల వజ్రమే మేలు. చర్మం ఉడికించి చేసే ఆ జిగురు వేడికీ తడికీ మళ్లీ మెత్తబడుతుంది. లేచిన పైపొరను తడిగుడ్డ వేసి, వెచ్చని ఇస్త్రీపెట్టెతో అద్ది కూర్చోబెట్టవచ్చు. తెల్లజిగురు సులువే కానీ, రేపు విప్పాల్సివస్తే అతుకుతోపాటు కొయ్యా చిట్లుతుంది. చెదలు తిన్న భాగాన్ని కోసి, అదే జాతి ఎండుకొయ్యను అతకాలి. పుట్టీ పూస్తే చూపుకే తప్ప బరువుకు ఆగదు.

స్వరపలక బీటవారితే ఎండాకాలం దాకా ఆగడం మంచిది. అప్పుడు చీలిక పూర్తిగా తెరుచుకుంటుంది, సరిపడే స్ప్రూస్ చీలికను దించవచ్చు. పనంతా అయ్యాక తీగలను ఒక్కసారే శ్రుతికి ఎక్కించరు. కొన్ని వారాలపాటు, విడతలు విడతలుగా బిగిస్తూ పోతారు.