మైక్‌సెట్టు తీగ నుంచి బైవైరింగ్ దాకా

వడమాలపేట, పుత్తూరు వైపు ధర్మరాజుల గుడి దగ్గర భారతం మొదలైందంటే మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ఆంప్లిఫయర్ గుడి పక్కన, చివరి హారన్ ఊరి చివర. రెంటికీ మధ్య సాగేది సన్నటి మెలితీగ. అదే ఊరి కుర్రవాడు తిరుపతిలో ఇల్లు కట్టుకుని హాల్లో రెండు స్పీకర్లు పెట్టుకుంటే మాత్రం, నాలుగు మీటర్ల తీగకు వేలు పొయ్యమంటారు.

రాగి నాణ్యత గొడవ స్పీకర్ కన్నా పాతది. అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ తీగ వేస్తున్న రోజుల్లో, 1857లో, భౌతికశాస్త్రవేత్త విలియం థామ్సన్ బజారులో దొరికే రాగి రకాల మధ్య కరెంటు మోసే శక్తిలో చాలా తేడా ఉందని చూపించాడు. సముద్రం దాటే తీగకు అది చావుబతుకుల తేడా. హాల్లో తీగకు కాదు. అయినా ‘స్వచ్ఛమైన రాగి’ అన్న మాట అమ్మకానికి ఇప్పటికీ పనికొస్తోంది.

రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు ఇప్పటి తరహా స్పీకర్‌ను 1925లో బయటపెట్టారు. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు ఇళ్లలో దానికి తగిలించింది మామూలు దీపాల తీగే. 1970ల చివర కథ మారింది. అమెరికాలో నోయెల్ లీ అనే ఇంజనీరు లావుపాటి తీగకు ‘మాన్‌స్టర్’ అని పేరుపెట్టి అమ్మకానికి దిగాడు. 1983లో ‘స్టీరియో రివ్యూ’ పత్రిక ఏ తీగో చెప్పకుండా జనానికి వినిపించి చూసింది. బాగా సన్నటి తీగను చెవి పట్టుకుంది. ఓ మోస్తరు లావున్న మామూలు తీగకూ మాన్‌స్టర్‌కూ తేడా తేల్చలేకపోయింది.

లెక్క చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. మన కరెంటు సామాన్ల కొట్లలో 40/76 అని అడిగే తీగ ఐదు మీటర్లు లాగితే, రానుపోను నిరోధం 0.15 ఓమ్. స్పీకర్‌ది 8 ఓమ్‌లు. అదే తీగ ఊరి చివరికి 200 మీటర్లు లాగితే దాదాపు 6 ఓమ్‌లు. స్పీకర్‌ను నేరుగా తగిలిస్తే శక్తిలో సగానికి దగ్గరగా తీగే తినేస్తుంది. అందుకే మైక్‌సెట్టువాళ్లు తీగను లావు చేయలేదు, వోల్టేజీ పెంచారు. ఆంప్లిఫయర్ వెనక 100 వోల్టుల టెర్మినల్, హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్. అప్పుడు 30 వాట్ల హారన్ 333 ఓమ్‌లుగా కనిపిస్తుంది. దాని పక్కన ఆరు ఓమ్‌లెంత? నన్నడిగితే ఈ చరిత్ర మొత్తంలో తెలివైన మలుపు ఇదే.

బైవైరింగ్ 1980లలో ఊపందుకుంది. స్పీకర్ వెనక రెండు జతల టెర్మినళ్లుంటాయి: ఒకటి బాస్ పలికే ఊఫర్‌కు, ఒకటి సన్నటి స్వరాలు పలికే ట్వీటర్‌కు. వాటిని కలిపే ఇత్తడి పట్టీ తీసేసి, ఒకే ఆంప్లిఫయర్ నుంచి రెండు తీగలు వేయాలి. ఊఫర్ లాగే పెద్ద కరెంటు ట్వీటర్ తీగలో పారదు కాబట్టి శబ్దం తేటపడుతుందని వాదన. మాట అబద్ధం కాదు, కానీ రెండు తీగలూ మొదలయ్యేది ఒకే టెర్మినల్ దగ్గర. తేడా వస్తే తీగ నిరోధం మేరకే రావాలి, అదేమో ముందే 0.15 ఓమ్. వేరువేరు ఆంప్లిఫయర్లు పెట్టడం వేరే సంగతి.

హాల్లో బాస్ నీరసంగా ఉందని కొత్త తీగ కొనబోయేవాళ్లు ముందు స్పీకర్ల వెనక్కి వెళ్లి చూడాలి. రెండింటిలో ఒకదానికి ఎరుపు, నలుపు తారుమారైతే ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. ఎంత ఖరీదైన తీగ వేసినా ఆ బాస్ తిరిగి రాదు.