పణంగా పెట్టిన బంటు

ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారాలు పరచే పాతపుస్తకాల నడుమ ఒకనాడు అట్ట ఊడిన చదరంగ గ్రంథమొకటి నా కంటబడింది. పూర్వపు యజమాని ఎవరో ఒకే ఒక అధ్యాయాన్ని పెన్సిలు గీతలతో నింపారు. అది ఎవాన్స్ గాంబిట్. కళాశాల రోజులలో ఒక పోటీలో నన్ను పరాభవించిన ఆరంభం అదే కనుక, బేరమాడకుండా కొన్నాను.

నాటి ఆటలో ప్రత్యర్థి నాలుగవ ఎత్తున తన బంటును బి4 గడికి, సరిగ్గా నా శకటు నోటి ముందుకు తోశాడు. తీసుకున్నాను. ఆ ఒక్క బంటును నిలుపుకోవాలన్న పట్టుదలతో తక్కిన బలగాన్ని కదపడమే మరిచాను. కోట కట్టకముందే నా రాజు చిక్కాడు.

ఆ సాయంత్రం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక వృద్ధుని ముందు ఆ ఆటను మళ్ళీ పేర్చాను. ఆయనది దేశవాళీ ఆట; బంటు ఎప్పుడూ ఒక్క గడే నడవాలి. పుస్తకాలు చదివినవారు కారు. అంతా చూసి, "ప్యాదాను తీసుకున్నావు, మంచిదే. తిరిగి ఎందుకివ్వలేదు బేటా?" అన్నారు. గెలిచినదాన్ని ఎవరైనా తిరిగి ఇస్తారా అని లోలోపల నవ్వుకున్నాను.

ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. ప్రాచీన చతురంగంలో మంత్రి మూలగా ఒక్క గడే కదిలేవాడు. పదిహేనవ శతాబ్దం చివర ఐరోపాలో మంత్రికీ శకటుకూ దూరపు నడక వచ్చాక ఆట వేగం పెరిగింది. ఒక్క ఎత్తు ముందుండటం ఒక బంటు పాటి విలువ చేసింది. 'గాంబిట్' అన్న మాటను 1561లో స్పెయిన్ మతాచార్యుడు రుయ్ లోపెజ్ చదరంగ గ్రంథంలోకి తెచ్చాడు. కాలు అడ్డుపెట్టి పడదోయడమనే అర్థమున్న ఇటాలియన్ మాట దానికి మూలం. 1820లలో వేల్స్‌కు చెందిన ఓడ కప్తాను విలియం ఎవాన్స్ తన బంటును పణంగా పెట్టాడు. 1852లో బెర్లిన్‌లో ఆండర్సన్ డుఫ్రేన్‌ను ఓడించిన సుప్రసిద్ధమైన ఆట ఈ ఆరంభంతోనే మొదలైంది.

దీనికి తగిన జవాబును ప్రచారంలోకి తెచ్చినవాడు, 1894 నుంచి 1921 వరకు ప్రపంచ విజేతగా ఉన్న ఇమాన్యుయెల్ లాస్కర్. బంటును తీసుకో, శకటును వెనక్కి, బి6 గడికి చేర్చు, తెల్లవాడు తన బంటును తిరిగి కోరితే ఇచ్చివేసి మంత్రులను మార్చుకో. దాడికి ఊపిరి పోతుంది. తెల్లవాడి ఎడమవైపు బంట్లు చెదిరి మిగులుతాయి. ఆదివారం కొన్న పుస్తకంలో ఇది చదివి చాలాసేపు మౌనంగా కూర్చున్నాను. నాంపల్లి వృద్ధుడు అన్నదీ ఇదే కదా!

అయితే ఏ జవాబూ శాశ్వతం కాదు. 1995లో రీగాలో కాస్పరోవ్ ఇదే గాంబిట్‌ను ఆడాడు. ఆనంద్ బంటును తీసుకుని, శకటును ఇ7 గడికి మరల్చి, ఇరవై అయిదు ఎత్తులలో ఓడిపోయాడు. అదే ఆనంద్ 2002లో మన హైదరాబాదులో జరిగిన ప్రపంచ కప్‌ను గెలుచుకున్నాడు. ఒక్క బంటు దగ్గర తప్పటడుగు వేసినంతలో ఎవరి కథా ముగిసిపోదు.

గాంబిట్‌ను తెలుగులో 'ఎర' అనవచ్చునా? నాకు మనసొప్పదు. ఎరను కరచిన చేప దానిని తిరిగి ఇవ్వలేదు, ఆటగాడు ఇవ్వగలడు. 'పణపుబంటు' అంటే కొంత నయమేమో. ఇంతకన్న మేలైన మాట మీకు తోస్తే చెప్పండి.

ఆ వృద్ధుడు ఇప్పుడు లేరు. మీ మాట నిజమేనని ఆయనతో చెప్పే ఎత్తు నాకిక మిగలలేదు.