అమెరికా కాలేజీ ఫుట్‌బాల్: జాతీయ విజేతను తేల్చేది మైదానమా, ఓటా? ప్రత్యర్థి గెలిచినా అభిమానులు ఎందుకు సంబరపడతారు?

2023 డిసెంబరు 3న అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఎంపిక సంఘం ఆ ఏటి నాలుగు ప్లేఆఫ్ జట్లను ప్రకటించింది. మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామా విశ్వవిద్యాలయాల జట్లకు అందులో చోటు దక్కింది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం ఐదో స్థానంలో మిగిలిపోయింది. ఆ జట్టు అప్పటికి ఆడిన 13 మ్యాచ్‌లలోనూ గెలిచింది, తన కాన్ఫరెన్స్‌లో విజేతగా కూడా నిలిచింది. అలబామా మాత్రం ఒక మ్యాచ్‌లో ఓడిపోయింది.

ఫ్లోరిడా స్టేట్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ నవంబరులో గాయపడటంతో జట్టు బలం తగ్గిందన్నది సంఘం ఇచ్చిన వివరణ. ఒక్క ఓటమి కూడా లేని జట్టుకు జాతీయ టైటిల్ కోసం పోటీపడే అవకాశమే రాకపోవడం ఏమి న్యాయమని ఆ రాష్ట్రంలో ఆగ్రహం వ్యక్తమైంది. అలబామా ఆడేది అంతకంటే కఠినమైన కాన్ఫరెన్స్‌లో కదా అని అవతలి పక్షం బదులిచ్చింది.

ఈ వాదన కొత్తది కాదు. జాతీయ విజేతను ఎలా తేల్చాలన్న ప్రశ్న ఈ క్రీడను దాదాపు వందేళ్లుగా వెంటాడుతోంది. కాన్ఫరెన్స్‌ల మధ్య పంతం ఇంత తీవ్రంగా ఉండటానికి మూలం కూడా ఆ ప్రశ్నలోనే ఉంది.

పాయింట్ల పట్టిక ఎందుకు సరిపోదు?

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేతితో విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. భారతీయులకు పరిచయమైన ఫుట్‌బాల్‌ను అమెరికాలో సాకర్ అంటారు. రెండు కళాశాలల మధ్య తొలి మ్యాచ్‌గా చరిత్రకారులు లెక్కించే పోటీ 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్ల మధ్య జరిగింది. నేడు మిషిగన్, ఒహాయో స్టేట్, పెన్ స్టేట్ వంటి విశ్వవిద్యాలయాల స్టేడియంలలో లక్ష మందికి పైగా కూర్చుని మ్యాచ్ చూస్తారు.

ఐపీఎల్‌లో పది జట్లు తలా 14 లీగ్ మ్యాచ్‌లు ఆడతాయి. పాయింట్ల పట్టికలో మొదటి నాలుగు స్థానాల్లో ఉన్నవి ముందుకు వెళతాయి. ఎవరి అభిప్రాయంతోనూ అక్కడ పని లేదు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అత్యున్నత శ్రేణిలో 130కి పైగా జట్లు ఉన్నాయి. దేహాలను ఢీకొట్టుకునే ఆట కాబట్టి వారానికి ఒక్క మ్యాచ్‌కు మించి ఆడటం సాధ్యం కాదు. సాధారణ సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది 12 మ్యాచ్‌లే. వాటిలో ఎనిమిదో తొమ్మిదో సొంత కాన్ఫరెన్స్ జట్లతోనే జరుగుతాయి. దేశంలోని మిగతా బలమైన జట్లలో అత్యధిక భాగం ఆ జట్టుకు ఎదురే పడవు.

ఫలితంగా సీజన్ ముగిసేసరికి పది విజయాలు సాధించిన జట్లు ఎన్నో మిగులుతాయి. ఎవరి పది విజయాలు గొప్పవో చెప్పే పట్టిక మాత్రం ఉండదు. కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్‌లో 68 జట్లతో తానే జాతీయ టోర్నమెంటు నిర్వహిస్తుంది. అత్యున్నత శ్రేణి ఫుట్‌బాల్‌లో మాత్రం ఆ సంస్థ నేటికీ సొంతంగా జాతీయ టైటిల్ ఇవ్వదు. ఆ ఖాళీని మొదట పత్రికా రచయితలు, తర్వాత కోచ్‌లు, ఆపై కంప్యూటర్లు, చివరికి ఎంపిక సంఘం పూరిస్తూ వచ్చారు.

కాన్ఫరెన్స్ అంటే ఏమిటి?

తమలో తాము క్రమం తప్పకుండా ఆడుకునేందుకు కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఏర్పరచుకున్న కూటమిని కాన్ఫరెన్స్ అంటారు. ఆట నియమాలను, విద్యార్థుల అర్హతలను క్రమబద్ధం చేసే ఉద్దేశంతో 1896లో షికాగోలో రూపుదిద్దుకున్న కూటమి నేడు బిగ్ టెన్‌గా ప్రసిద్ధి చెందింది. దక్షిణాది రాష్ట్రాల విశ్వవిద్యాలయాలతో 1932లో సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎస్‌ఈసీ), 1953లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) ఏర్పడ్డాయి. బిగ్ 12 జట్లు 1996 నుంచి ఆడుతున్నాయి.

కాన్ఫరెన్స్ అంటే ఒక ప్రాంతం కూడా. ఆ ప్రాంతాభిమానానికి చరిత్ర ఉంది. 1926 జనవరి 1న కాలిఫోర్నియాలో జరిగిన రోజ్ బౌల్‌లో అలబామా 20-19 తేడాతో వాషింగ్టన్‌ను ఓడించింది. రోజ్ బౌల్‌కు ఆహ్వానం అందుకున్న తొలి దక్షిణాది జట్టు అదే. అంతర్యుద్ధంలో ఓటమి, ఆ తర్వాతి పేదరికం దక్షిణాది జ్ఞాపకాల్లో ఇంకా చెదరని కాలం అది. అక్కడి పత్రికలు ఆ గెలుపును ఒక కళాశాల గెలుపుగా కాక, యావత్ దక్షిణాది గెలుపుగా కొనియాడాయి.

ఓట్లతో విజేతలు

అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1936 నుంచి క్రీడా రచయితల ఓట్లతో ర్యాంకింగ్ ప్రకటిస్తూ వచ్చింది. తొలి ఏడాది మిన్నెసోటా అగ్రస్థానం పొందింది. 1950లో కోచ్‌ల ఓటింగ్ కూడా మొదలైంది. అప్పట్లో తుది ర్యాంకింగ్‌ను సీజన్ అనంతరం జరిగే బౌల్ మ్యాచ్‌లకు ముందే ప్రకటించేవారు. విజేతగా ప్రకటితమైన జట్టు ఆ తర్వాత బౌల్ మ్యాచ్‌లో ఓడినా టైటిల్‌కు ఢోకా ఉండేది కాదు.

1966 నాటి ఉదంతం ఈ పద్ధతిలోని చిక్కును స్పష్టం చేస్తుంది. ఆ ఏడాది నోటర్‌డేమ్, మిషిగన్ స్టేట్ జట్లు 10-10తో సమంగా నిలిచాయి. చివరికి ఓటర్లు నోటర్‌డేమ్‌కు మొదటి స్థానం, మిషిగన్ స్టేట్‌కు రెండో స్థానం ఇచ్చారు. ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచిన అలబామాకు మూడో స్థానమే దక్కింది. అలబామా జట్టులో అప్పటికి ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. వర్ణవివక్ష పాటిస్తున్న ప్రాంతపు జట్టుకు పట్టం కట్టడానికి ఓటర్లకు మనసొప్పలేదని కొందరు విశ్లేషకుల అభిప్రాయం. ఎస్‌ఈసీ ఫుట్‌బాల్‌లో తొలి నల్లజాతి ఆటగాడు మైదానంలోకి దిగింది 1967లో, కెంటకీ జట్టు తరఫున.

రెండు పోల్‌లు వేర్వేరు జట్లను విజేతలుగా ప్రకటించిన సందర్భాలూ ఉన్నాయి. 1990లో కొలరాడో, జార్జియా టెక్; 1991లో మయామీ, వాషింగ్టన్; 1997లో మిషిగన్, నెబ్రాస్కా టైటిల్‌ను పంచుకున్నాయి. అధికారిక విజేత అంటూ లేనప్పుడు ఎవరి లెక్క వారిదే. 1941లో అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకింగ్‌లో 20వ స్థానంలో నిలిచిన అలబామా, వేరొక గణన పద్ధతిని ఆధారం చేసుకుని ఆ ఏటి జాతీయ టైటిల్‌ను నేటికీ తన ఖాతాలో చూపుకుంటుంది.

కంప్యూటర్లు తీర్చని వివాదం

మొదటి రెండు స్థానాల్లోని జట్లను ఒకే మైదానంలో నిలిపితే వివాదం తీరుతుందన్న ఆలోచనతో 1998లో బౌల్ ఛాంపియన్‌షిప్ సిరీస్ (బీసీఎస్) వచ్చింది. పోల్‌లను, కంప్యూటర్ ర్యాంకింగ్‌లను కలిపి ఆ రెండు జట్లను ఎంపిక చేసేవారు. 2003లో ఓక్లహోమా జట్టు తన కాన్ఫరెన్స్ ఫైనల్‌లో 7-35తో ఓడినా బీసీఎస్ లెక్కలో అగ్రస్థానం నిలుపుకుంది. రెండు పోల్‌లలోనూ మొదటి స్థానంలో ఉన్న సదరన్ కాలిఫోర్నియా జట్టు టైటిల్ మ్యాచ్‌కు దూరమైంది. ఆ మ్యాచ్‌లో ఓక్లహోమాను లూసియానా స్టేట్ ఓడించింది. అయినా అసోసియేటెడ్ ప్రెస్ సదరన్ కాలిఫోర్నియానే విజేతగా ప్రకటించింది. ఒకే విజేతను తేల్చేందుకు పుట్టిన పద్ధతి ఇద్దరిని మిగిల్చింది. మరుసటి ఏడాది ఎస్‌ఈసీ విజేత ఆబర్న్ ఒక్క ఓటమి లేకుండానే టైటిల్ మ్యాచ్‌కు దూరమైంది.

ప్రత్యర్థి గెలిస్తే సంబరం ఎందుకు?

ఎస్‌ఈసీ జట్టు ఒకటి ఇతర ప్రాంతపు జట్టుపై పెద్ద మ్యాచ్ గెలిచినప్పుడు స్టేడియంలో 'ఎస్-ఈ-సీ' అన్న నినాదం మారుమోగుతుంది. వారం క్రితం వరకు ఆ జట్టు ఓడాలని కోరుకున్న పొరుగు విశ్వవిద్యాలయాల అభిమానులు కూడా ఆ గెలుపును తమ వాదనకు బలంగా చెప్పుకుంటారు. బయటివారికి ఇది వింతగా తోచవచ్చు. దీని వెనుక ప్రాంతాభిమానంతో పాటు ఒక స్పష్టమైన లెక్క ఉంది.

వేర్వేరు కాన్ఫరెన్స్‌ల జట్లు పరస్పరం తలపడేది అరుదు. ఆ కొద్ది మ్యాచ్‌ల ఫలితాలనుబట్టే ఏ కాన్ఫరెన్స్ బలమైనదన్న అంచనా ఏర్పడుతుంది. బలమైన కాన్ఫరెన్స్ అన్న పేరు వస్తే అందులో సాధించిన ప్రతి విజయానికీ విలువ పెరుగుతుంది, అందులో ఎదురైన ఓటమి క్షంతవ్యమవుతుంది. నిన్న తమను ఓడించిన ప్రత్యర్థి రేపు ఇతరులపై గెలిస్తే తమ ఓటమి మచ్చ కొంత చెరిగిపోతుంది. విజేతను పట్టిక తేల్చే చోట ప్రత్యర్థి గెలుపు నష్టం. విజేతను అభిప్రాయం తేల్చే చోట అది పెట్టుబడి.

2006 నుంచి 2012 వరకు వరుసగా ఏడు సీజన్లలో జాతీయ టైటిల్ ఎస్‌ఈసీ జట్లకే దక్కడంతో ఈ పేరు మరింత స్థిరపడింది. 2011 సీజన్ టైటిల్ మ్యాచ్‌లో రెండూ ఎస్‌ఈసీ జట్లే. నవంబరులో అలబామాను 9-6తో ఓడించిన లూసియానా స్టేట్, జనవరిలో అదే జట్టు చేతిలో 0-21తో ఓడింది. సొంత డివిజన్‌లో కూడా అగ్రస్థానం పొందని అలబామా ఆ విధంగా దేశానికే విజేత అయింది. ఆ మ్యాచ్ రేపిన అసంతృప్తి ప్లేఆఫ్ డిమాండుకు బలం చేకూర్చింది.

నాలుగు నుంచి పన్నెండుకు

2014 సీజన్ నుంచి 13 మంది సభ్యుల సంఘం నాలుగు జట్లను ఎంపిక చేసే ప్లేఆఫ్ అమల్లోకి వచ్చింది. తొలి విజేత ఒహాయో స్టేట్. చిన్న కాన్ఫరెన్స్‌ల జట్లకు మాత్రం ద్వారం దాదాపు మూసే ఉంది. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా 13 మ్యాచ్‌లలోనూ గెలిచినా ప్లేఆఫ్‌లోకి రాలేదు. ఆ విశ్వవిద్యాలయం తానే జాతీయ విజేతనని ప్రకటించుకుని విజయోత్సవ ఊరేగింపు జరిపింది. చిన్న కాన్ఫరెన్స్ నుంచి తొలిసారి ప్రవేశించిన జట్టు 2021లో సిన్సినాటి.

2024 సీజన్‌లో ప్లేఆఫ్‌ను 12 జట్లకు విస్తరించారు. ఆ సీజన్‌లో అత్యున్నత ర్యాంకు పొందిన ఐదుగురు కాన్ఫరెన్స్ విజేతలకు చోటు ఖాయం చేశారు. మిగిలిన ఏడు స్థానాలను సంఘం నింపింది. ఆ ఏడాది సంఘం ర్యాంకింగ్‌లో ఆరో స్థానంలో ఉన్న ఒహాయో స్టేట్, రెండు ఓటములతో ప్లేఆఫ్‌లోకి ప్రవేశించి వరుసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచింది. 2025 జనవరి 20న ఫైనల్‌లో నోటర్‌డేమ్‌ను 34-23తో ఓడించింది. పాత నాలుగు జట్ల పద్ధతే ఉంటే ఆ విజేతకు అసలు ప్రవేశమే ఉండేది కాదు. దానికి ముందు పదేళ్లలో ఐదారు స్థానాల వద్ద ఆగిపోయిన జట్ల మాటేమిటన్న ప్రశ్నను ఆ గెలుపు మిగిల్చింది.

పటాన్ని మార్చిన టెలివిజన్

మ్యాచ్‌ల ప్రసారంపై ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యం చెల్లదని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అప్పటినుంచి ప్రసార హక్కుల బేరం క్రమంగా కాన్ఫరెన్స్‌ల చేతికి వచ్చింది. పెద్ద జట్లున్న కూటమికి పెద్ద ఒప్పందం దక్కుతుంది. ఆ సొమ్ము మరిన్ని పెద్ద జట్లను ఆకర్షిస్తుంది.

2024లో టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీలో చేరాయి. పసిఫిక్ తీరాన ఉన్న సదరన్ కాలిఫోర్నియా, యూసీఎల్‌ఏ, ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లోకి వెళ్లాయి. పేరులో పది ఉన్న ఆ కూటమిలో ఇప్పుడు 18 జట్లున్నాయి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ నేడు 'అట్లాంటిక్ తీర' కాన్ఫరెన్స్ సభ్యురాలు. 1915 నాటి మూలాలున్న పాక్-12లో ఆ ఏడాది ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ వంటి ఇతర క్రీడల విద్యార్థులు కూడా కాన్ఫరెన్స్ మ్యాచ్‌ల కోసం ఖండం ఒక అంచు నుంచి మరో అంచుకు ప్రయాణించవలసి వస్తోంది.

ఈ మార్పులు కొన్ని పాత వైరాలను తెంచాయి, కొన్నింటిని తిరిగి కలిపాయి. 1894లో మొదలైన టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎమ్ పోటీ కాన్ఫరెన్స్‌ల మార్పు కారణంగా 2011తో ఆగిపోయింది. రెండూ ఎస్‌ఈసీలో కలిశాక 2024 నవంబరులో మళ్లీ జరిగింది. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో చదివే విశ్వవిద్యాలయాలు కావడంతో ఈ పోటీ అక్కడి తెలుగు ఇళ్లలోనూ పరిచితమే.

తేలని లెక్క

ప్లేఆఫ్ విస్తరణతో విజేత ఎవరన్న వివాదం చాలావరకు సద్దుమణిగింది. ఎవరిని అనుమతించాలన్న వివాదం మిగిలే ఉంది. 2024లో చివరి స్థానాల కోసం మూడు ఓటములున్న అలబామాను కాదని, రెండు ఓటములున్న సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయాన్ని సంఘం ఎంచుకుంది. కఠినమైన కాన్ఫరెన్స్‌లో ఆడినందుకు ఇదా ప్రతిఫలమని ఎస్‌ఈసీ వర్గాలు నిలదీశాయి. బలమైన కాన్ఫరెన్స్ అన్న పేరు గెలుపులకు ప్రత్యామ్నాయం కాదని తక్కినవారు సమాధానమిచ్చారు.

నాలుగో స్థానం దగ్గర సాగిన తగవు ఇప్పుడు పన్నెండో స్థానానికి జరిగింది. జట్లు వందకు పైగా, మ్యాచ్‌లు పన్నెండే అయినంతకాలం మైదానం ఇవ్వని జవాబును ఎవరో ఒకరు ఊహించి చెప్పవలసిందే. ఆ ఊహను తమవైపు తిప్పుకునేందుకు అభిమానులకున్న ఆధారాలలో కాన్ఫరెన్స్ పరువు ఒకటి. అందుకే శనివారం మధ్యాహ్నం తమ జట్టు ఆట ముగిసినా వారు టీవీ కట్టేయరు. రాత్రి ఆడబోయే పొరుగు జట్టు ఎలా ఆడుతుందో కూడా వారికి కావాలి.