జీర్ణోద్ధారము

శిథిలమగుట, అరుగుట అను రెండర్థములను సంస్కృత ‘జౄ’ ధాతుజమైన ‘జీర్ణ’ శబ్దమొక్కటియే మోయుచుండగా, మనవారు దానికి ‘ఉద్ధారము’ను చేర్చి, పాతబడిన కోవెలలను మరల నిలుపు పనికి పేరిడిరి. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయమున నున్నట్టి తాళపత్రములలోని కావ్యములు మనవరకు వచ్చుట, ఆకు చివుకకముందే మరియొక యాకునకెక్కించిన లేఖకుల చలువ. 1936లో అదే యూర దుర్గా సినీటోన్ స్టూడియో వెలసిన నాటి నైట్రేటు ఫిలిమో, తన యామ్లమున తానే యరిగిపోవు వస్తువగుటచే, శబ్దము రెండర్థములును దానికే తగును! ఇక యూనికోడు కాని ‘అను’ ఫాంట్లతో కూర్చి ఫ్లాపీలలో దాచిన పుటలు, చెక్కుచెదరకున్నను, చదువు యంత్రమును ఆ ఫాంటును లేనిచో జీర్ణములే. వానిని యూనికోడునకు మార్చుటను ‘కన్వర్షన్’ అందురు గాని, నాకు జీర్ణోద్ధారమనుటయే యిష్టము. ఆ మార్పున ఒత్తులు తారుమారగుట నేటి లేఖకదోషము.