పేరు లేని రేడియో

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటన్‌లో రేడియో లైసెన్సులు 90 లక్షలకు చేరువయ్యాయి. రాత్రి తొమ్మిదింటికి బీబీసీ వార్తలంటే ఇంటిల్లిపాదీ సెట్టు దగ్గర చేరేవారు. వార్తలు అంత అవసరమైన ఆ రోజుల్లోనే సెట్లు ఒక్కొక్కటిగా మూగబోయాయి. రేడియో కంపెనీలు సైన్యానికి సామగ్రి చేసే పనిలో పడ్డాయి. ఇంట్లో సెట్టుకి వాల్వు (వాక్యూమ్ ట్యూబు) పోతే ఇంకోటి దొరకడం గగనమైంది. బాగుచేసే మెకానిక్కులూ సైన్యంలోకే వెళ్లారు.

చివరికి ప్రభుత్వమే కలగజేసుకుంది. నలభైకి పైగా కంపెనీలు ఒకే నమూనాలో, వీలైనంత తక్కువ భాగాలతో సెట్లు చేయాలని నిర్ణయించింది. నమూనా గీసింది మర్ఫీ రేడియో ఇంజినీరు జి.డి. రేనాల్డ్స్.

ఆయనకు ఎదురైన అసలు చిక్కు వాల్వులే. యుద్ధానికి ముందు కరెంటుతో నడిచే చాలా సెట్లలో ఐదు వాల్వులుండేవి. మొదటిది ట్రయోడ్-హెక్సోడ్. ఏరియల్ పట్టిన తరంగాన్ని సెట్టులోనే పుట్టించిన మరో తరంగంతో కలిపి, ఏ స్టేషనైనా ఒకే పౌనఃపున్యానికి తెస్తుంది. రెండోది పెంటోడ్, దాని బలం పెంచుతుంది. మూడోది అందులోంచి మాటను, పాటను విడదీసి కొంత పెంచుతుంది. నాలుగోది స్పీకరును మోగిస్తుంది. ఐదోది ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయరు.

రేనాల్డ్స్ మూడోదాన్ని ఎత్తేశారు. మాటను విడదీసే పని వెస్టెక్టర్ అనే చిన్న కాపర్ ఆక్సైడ్ భాగానికి అప్పగించారు. దానికి ఫిలమెంటు లేదు, వేడెక్కాల్సిన పనీ లేదు. మాటను పెంచే భారమంతా స్పీకరును మోగించే ఆఖరి పెంటోడ్ మీద పడింది కాబట్టి, ఆ బరువు మోయగల శక్తిమంతమైన వాల్వునే అక్కడ పెట్టారు. 1904లో లండన్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ తొలి వాల్వును తయారుచేసింది రేడియో తరంగాన్ని పసిగట్టే పనికే. నలభై ఏళ్లకు అదే దేశంలో, అదే పనిలో వాల్వును పొదుపు చేయాల్సి వచ్చింది.

ఇలా నాలుగు వాల్వులతో 1944లో సెట్టు బజారుకొచ్చింది. సాదా చెక్క పెట్టె, మీడియం వేవ్ ఒక్కటే, డయల్ మీద బీబీసీ స్టేషన్లు మాత్రమే. కంపెనీ పేరు కనపడదు. ఎవరు చేశారో తెలియాలంటే సెట్టు మీద వేసిన కోడ్ నంబరు చూడాలి. ధర 12 పౌండ్ల 3 షిల్లింగుల 4 పెన్నీలు. కరెంటు లేని ఇళ్ల కోసం బ్యాటరీ సెట్టు కూడా చేశారు.

పొదుపుకి మూల్యం త్వరలోనే తెలిసింది. 1945 జులై 29న బీబీసీ లైట్ ప్రోగ్రామ్ అనే కొత్త ప్రసారాన్ని లాంగ్ వేవ్ మీద 1500 మీటర్ల దగ్గర మొదలుపెట్టింది. ఈ సెట్టుకి లాంగ్ వేవ్ లేదు. దాంతో లాంగ్ వేవ్ కలిపిన రకం తేవాల్సి వచ్చింది, పాతవాటికి అమర్చుకునే భాగాలూ అమ్మారు.

ఆ లోటు ఉన్నా, నా దృష్టిలో ఈ నమూనా గొప్ప ఇంజినీరింగే. దేన్ని వదులుకున్నా వార్త చెవిన పడుతుందో రేనాల్డ్స్ కచ్చితంగా లెక్కగట్టారు. కొరత కాలంలో సామాన్యుడి ఇంటికి వార్తలు చేర్చింది ఆ లెక్కే.